కాటు ధ్రువీకరణ పత్రం

కరెంటాఫీసు వాళ్ళు మీటరు రీడర్ల మెడలో వేసిన బిల్లు యంత్రంలో మొత్తం పన్నెండు కోడ్లు ఉన్నాయి. మీటరుకి ఈ లోకంలో రాగల కష్టాలన్నీ ఆ పన్నెండింటిలో ఇమిడిపోతాయని పై ఆఫీసు నమ్మకం. ఒకటి నొక్కితే సాధారణ రీడింగు. రెండు నొక్కితే ఇంటికి తాళం. మూడు నొక్కితే మీటరు కాలిపోయింది, నాలుగు నొక్కితే మీటరు తిరగడం మానేసింది. అలా సాగి సాగి పదకొండు దగ్గర వరద ముంపు వస్తుంది, పన్నెండు దగ్గర భూకంపం. ఆ ఊళ్ళో భూమి కంపించినట్టు ఎనభై దాటిన వాళ్ళకి కూడా జ్ఞాపకం లేదు. కుక్క లేని వీధి మాత్రం ఒక్కటీ లేదు. అయినా కుక్కకి కోడు లేదు.

దాసరి గవరయ్య ఆ యంత్రాన్ని పదకొండేళ్ళుగా మోస్తున్నాడు, కాంట్రాక్టు మీద. అతని వంతుకి వచ్చిన మూడు వందల ఇళ్ళలో రెండు వందల తొంభై తొమ్మిది ఇళ్ళతో అతనికి ఏ పేచీ లేదు. వచ్చిన చిక్కల్లా పాత రేషన్ డిపో వీధిలో ఉన్న మూడు వందలవ ఇంటితోనే. ఆ ఇల్లు సంగీతం టీచరుగా చేసి రిటైరైన ఆండాళమ్మ గారిది. ఇంటి వెనక, అంట్లు తోమే చప్టా పక్క గోడకి మీటరు ఉంది. మీటరు కింద ఒక గూడు ఉంది. గూట్లో బంగారం అనే కుక్క ఉంది. అది పెయ్యదూడంత ఉంటుంది. దాని గొలుసు ఎవరో టేపు పెట్టి కొలిచి కట్టినట్టు సరిగ్గా మీటరు దాటి రెండు మూరలు సాగుతుంది.

"రా నాయనా, రా. మా బంగారం ఎవర్నీ ఏమీ అనదు" అని ఆండాళమ్మ గారు ప్రతి నెలా వరండాలోంచే చెబుతారు. కుక్కలున్న వాళ్ళందరూ చెప్పే మాటే అది. గవరయ్య సందులోంచి సగం దూరం వెళ్ళేవాడు. బంగారం లేచి నిలబడి పై పళ్ళూ కింది పళ్ళూ వరసగా చూపించేది. గవరయ్య గేటు దాకా వెనక్కి నడిచి, ఒకసారి దేవుణ్ణి తలుచుకుని, రెండు నొక్కేవాడు. ఇంటికి తాళం. అలా పద్నాలుగు నెలలు గడిచాయి.

గడవడానికి ఇంకా గడిచేవే గాని, కాంట్రాక్టు రీడర్లని పర్మినెంటు చేస్తామని ఆ ఏడు కబురొచ్చింది. ఊళ్ళో ఉన్న పన్నెండు మంది పేర్లూ జాబితాలో ఉన్నాయి. షరతు ఒక్కటే. మార్చి ముప్పై ఒకటో తేదీ నాటికి ఎవరి వంతులోనూ ఒక్క ఇల్లు కూడా రీడింగు లేకుండా పెండింగులో ఉండకూడదు. గవరయ్య భార్య అప్పాయమ్మ ఆ మాట విన్న రోజు నుంచీ ఇంట్లో గట్టిగా తుమ్మడం కూడా మానేసింది. పదకొండేళ్ళుగా ప్రతి ఏప్రిల్లోనూ ఈ ఏడు ఉంచుతారా తీసేస్తారా అని బిక్కుబిక్కుమంటూ బతికిన మనిషి ఆవిడ.

ఆగస్టులో గవరయ్యకి మెమో వచ్చింది. డివిజనల్ ఇంజినీరు త్రివిక్రమరావు గారు అతన్ని ఎదురుగా నిలబెట్టి, మెమోని స్వయంగా చదివి వినిపించారు. ఆయన మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా సర్క్యులరులాగే మాట్లాడతారు. ఇంట్లో కూడా అంతేనని, కాఫీ చల్లారిన విషయాన్ని 'సంబంధిత వ్యక్తి దృష్టికి తీసుకురావడమైనది' అంటారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"సదరు గృహమునకు పద్నాలుగు మాసములుగా తాళము వేసియున్నట్లు నీవు నమోదు చేసితివి. అయితే సదరు గృహమున నిత్యము సంగీత పాఠములు జరుగుచున్నట్లు తెలియవచ్చినది. తాళము వేసిన ఇంటిలో పాఠములు ఎట్లు జరుగును?"

"తాళం నేదు సార్. కుక్కుంది."

"కుక్క ఉన్నచో కుక్క అని ఏల నమోదు చేయలేదు?"

"కుక్కకి కోడు నేదు సార్. భూకంపం కొడదావనుకున్నాను గాని, మరీ బాగోదనీసి మానీసేను."

త్రివిక్రమరావు గారు యంత్రం తెప్పించి పన్నెండు కోడ్లూ రెండుసార్లు చదువుకున్నారు. ఆయన దుర్మార్గుడు కాడు. రూలులో ఖాళీ కనిపిస్తే, ఇంట్లో చూరు కారుతున్నట్టు బాధపడే మనిషి. "ఇది శాఖాపరమైన లోపము. సిబ్బంది భద్రత మనకు ప్రాణసమానము. తక్షణమే పైకి నివేదించెదను" అన్నారు. సీనియర్ అసిస్టెంటు సుభద్రని పిలిచి అక్కడికక్కడే నాలుగు పేజీలు చెప్పి రాయించారు. గవరయ్యకి ఆ రోజు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. తన మాట నలభై రోజుల్లో రాజధాని దాకా వెళ్ళి తన పిక్కల మీదికే తిరిగొస్తుందని అతనికేం తెలుసు?

తిరిగొచ్చింది. దాని పేరు 'శునక సంబంధ సిబ్బంది సంరక్షణ విధానం'. దాని ప్రకారం యంత్రంలో పదమూడో కోడు పెట్టారు. ప్రమాదకర శునకం ఉన్న ఇంటికి రీడరు వెళ్ళనక్కర్లేదు. పదమూడు నొక్కితే చాలు, ఇల్లు పెండింగులోకి రాదు, పాత నెలల సరాసరి చూసి బిల్లు దానంతటదే వెళ్ళిపోతుంది. గవరయ్యకి పట్టరాని ఆనందం వేసింది. అతను గేటు వైపు పరిగెత్తబోతూంటే సుభద్ర ఆపి, రెండో పేజీ కూడా ఉందంది.

ఏది ప్రమాదకర శునకం, ఏది కాదు అన్నది రెండో పేజీ. మొరిగినంత మాత్రాన ప్రమాదకరం అనడానికి వీల్లేదు. పళ్ళు చూపడం భావప్రకటన కిందికి వస్తుంది. శాఖకు చెందిన ఉద్యోగిని, పని దినములలో, ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు లోపల, మోకాటికి దిగువన, ఇద్దరు సాక్షుల సమక్షంలో కరిచినదే ప్రమాదకర శునకం. అట్లు కరవని శునకం సాధు శునకం. సాధు శునకం ఉన్న ఇంటికి వెళ్ళకపోవడం విధి నిర్వహణలో నిర్లక్ష్యం.

గవరయ్య ఆ కాగితంతో త్రివిక్రమరావు గారి గదిలోకి వెళ్ళాడు. "అంటే సార్, కుక్క దగ్గిరికి ఎల్లకండా ఉండాలంటే, ముందు కుక్క దగ్గిరికి ఎల్లి కరిపించుకోవాలా?"

"ఒకే ఒక్క పర్యాయము. అటుపిమ్మట జీవితాంతము రక్షణ" అన్నారు త్రివిక్రమరావు గారు. 

గవరయ్య ఇంటికెళ్ళి చెప్పాడు. అప్పాయమ్మ మొదట కుక్కని తిట్టింది, తర్వాత ఆఫీసుని తిట్టింది, ఆ తర్వాత మొగుడి కాళ్ళ వంక చూసి, "ఒక్కపాలే కదా. ఎడం కాలివ్వు. కుడి కాలు సైకిలెక్కడానికి గావాల" అని సలహా ఇచ్చింది.

పరీక్ష రోజున గవరయ్యతో సాక్షులుగా సుభద్ర, సాటి రీడరు ఎర్రునాయుడు వచ్చారు. మందులవీ తయారుగా ఉన్నాయి. బంగారానికి ఏటేటా టీకాలు వేయించిన కాగితాలు ఆండాళమ్మ గారు ముందే చూపించారు. గవరయ్య కాళ్ళకి గోనెపట్టా చుట్టుకుంటానన్నాడు గాని, కవచం ధరిస్తే కాటు నిష్పక్షపాతంగా ఉండదని విధానంలో రాసి ఉంది. పంట్లాం మడిచి, ఎడమ కాలు ముందుకి చాపి, కళ్ళు మూసుకుని గూటి దగ్గరికి వెళ్ళాడు.

మడమ మీద వెచ్చగా, తడిగా ఏదో తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే బంగారం అతని పాదం నాకుతోంది. తోక ఊపుతోంది. వెల్లకిలా పడుకుని పొట్ట కూడా చూపించింది.

"నే చెప్పలా!" అన్నారు ఆండాళమ్మ గారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడాది పైనుంచీ చెబుతున్నాను. ఒక్కడైనా నమ్మాడా?"

గవరయ్య బతిమాలాడు. కాలు దాని నోటి దగ్గర పెట్టి ఆడించాడు. "ఓ బంగారం, ఒక్కపాలి కొరికీయే, నా తల్లివి కదూ" అన్నాడు. ఎర్రునాయుడు తోక తొక్కమని చెవిలో చెప్పాడు గాని, ప్రేరేపిత కాటు చెల్లదని సుభద్ర కాగితం చూసి చెప్పింది. గంటసేపు కూర్చుని, 'కాటు లభించలేదు' అని రాసుకుని వెళ్ళిపోయారు.

అసలు సంగతి ఆ సాయంత్రమే గవరయ్యకి బోధపడింది. ఆండాళమ్మ గారి పక్కింటి మీటరు రెండిళ్ళ ఉమ్మడి గోడ మీద ఉంటుంది. దాని ముందు నిలబడి బిల్లు తీశాడు. యంత్రం ఎప్పటిలాగే 'కిర్ర్ర్' మంటూ కాగితం కక్కింది. అంతే. గోడకి అవతల గొలుసు ఝళ్ళుమంది, బంగారం గోడ మీదికి ముందు కాళ్ళేసి, అతని మెడలో ఉన్న యంత్రం వంక చూస్తూ, ఊగిపోతూ మొరిగింది. దానికి మనుషులంటే కోపం లేదు. ఆ చప్పుడంటే కోపం. యంత్రం మెడలో ఉంటే, ఉన్న మనిషి అంటే కూడా కోపం.

మర్నాడు పరుగున వెళ్ళి చెప్పాడు. "మిషను అట్టుకుని ఎల్తే కరుత్తాది సార్. ఈపాలి మిషనుతో ఎల్తాను."

త్రివిక్రమరావు గారు తల అడ్డంగా ఊపారు. "యంత్రము ప్రభుత్వ ఆస్తి. ప్రమాదకరమో కాదో ఇంకనూ తేలని శునకము ఎదుటికి ప్రభుత్వ ఆస్తిని గొనిపోరాదు. ఉద్యోగి వెళ్ళవచ్చును."

"మరి పెమాదవని తేలాలంటే..."

"యంత్రము లేకుండ తేలవలెను."

విధానం ప్రకారం మూడు పరీక్షలు జరగాలి. మిగతా రెండూ జరిగాయి. రెండోసారి బంగారం గవరయ్య ఒళ్ళో పడుకుంది. మూడోసారి అతన్ని చూడగానే బంతి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. ఆండాళమ్మ గారికి 'సాధు శునక ధ్రువపత్రం' ఇచ్చారు. ఆవిడ దాన్ని తన సంగీతం డిప్లొమా పక్కన పటం కట్టించుకున్నారు. గవరయ్య వంతులో ఆ ఇల్లు పెండింగులో అలాగే ఉండిపోయింది. యంత్రంతో వెళ్తే కరుస్తుంది, పైగా పత్రం వచ్చినా యంత్రం తీసుకెళ్ళడానికి పై అనుమతి రాలేదు; యంత్రం లేకుండా వెళ్తే బిల్లు రాదు. మీటరు ముందు నిలబడి తీస్తే తప్ప బిల్లు ఇవ్వకుండా ఆ యంత్రాన్ని తయారుచేశారు మరి. అడుగు పక్కకి జరిగితే ఒప్పుకోదు.

ఈలోగా ఊరికి కొత్త పూనకం పట్టింది. కరిచిన కుక్క ఉన్న ప్రతి ఇంటి గేటుకీ శాఖ వాళ్ళు ఒక నీలం రంగు బోర్డు బిగించడం మొదలుపెట్టారు. 'శాఖాపరంగా ధ్రువీకరించబడిన ప్రమాదకర శునకం' అని తెల్లటి అక్షరాలు, కింద నంబరు, గుండ్రటి ముద్ర. మొదటి బోర్డు ఒక కాంట్రాక్టరు గారి మేడకి పడింది. రెండోది ఎదురింటి డాక్టరు గారికి. ఆ వీధిలో మిగిలిన వాళ్ళకి అన్నం సయించలేదు. ఇంత కాలం 'మా కుక్క ఏమీ అనదు' అన్న నోళ్ళే ఇప్పుడు 'మా కుక్క సంగతి మీకు తెలీదు' అనడం మొదలుపెట్టాయి. కుక్క లేని వాళ్ళు కొన్నారు. కొనలేని వాళ్ళు వీధి కుక్కకి స్నానం చేయించి, మెడకి పట్టీ కట్టి, టీకా వేయించి కూర్చోబెట్టారు. పెళ్ళి చూపులకి వచ్చిన వాళ్ళు పిల్ల సంగతి అడిగి, వెంటనే బోర్డు నంబరు అడుగుతున్నారట.

పై ఆఫీసుకి ఇది మహా సంబరంగా కనిపించింది. ప్రమాదాలు ఇంత చురుగ్గా గుర్తిస్తున్న డివిజను రాష్ట్రంలో మరొకటి లేదన్నారు. వీధికి ఇన్ని కుక్కలని నెలవారీ లక్ష్యం పెట్టారు. లక్ష్యం ఉన్నాక కరిపించుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. 'కాటు స్వీకర్త' అని అదనపు బాధ్యత ఒకటి సృష్టించారు. కుక్క విషయాన్ని మొట్టమొదట లేవనెత్తినవాడు, పైగా మూడు పరీక్షల అనుభవం ఉన్నవాడు గనక ఆ గౌరవం గవరయ్యని వరించింది. కాదంటే జాబితాలో పేరు ఏమవుతుందోనని అతను సరేనన్నాడు.

ఇక చూడాలి. ఆఫీసు ముందు కుక్కలు, యజమానులు బారులు తీరారు. తెల్లటి బొచ్చు కుక్కపిల్లని చంకలో పెట్టుకొచ్చిన ఒకావిడ, "బాబ్బాబు, కాలు కొంచెం కిందకి దించవూ, దానికి అందడం లేదు" అని బతిమాలింది. ఒకాయన తన కుక్కకి పొద్దుటి నుంచీ అన్నం పెట్టలేదని గొప్పగా చెప్పుకున్నాడు. కరిచిన ప్రతి కుక్క చేతా పత్రం మీద సిరాతో పంజా ముద్ర వేయించాలి. ముద్ర వేయించబోతే కొన్ని మళ్ళీ కరిచేవి. అది రెండో కాటుగా వేరే పత్రంలో నమోదయ్యేది. పదిహేనేళ్ళ ముసలి కుక్క ఒకటి నోట్లో ఒక్క పన్ను లేకుండా వచ్చింది. చిగుళ్ళతో గవరయ్య పిక్క పట్టుకుని చాలాసేపు శ్రమపడింది. దంతరహిత కాటు చెల్లునా చెల్లదా అని సుభద్ర పైకి రాసింది. ఉద్దేశమే ప్రధానము, దంతము అప్రధానము అని పన్నెండు రోజుల్లో జవాబొచ్చింది.

గవరయ్య అక్టోబరంతా ఎడమ కాలు ఇచ్చాడు, నవంబరంతా కుడి కాలు ఇచ్చాడు. డిసెంబరులో కాళ్ళు రెండూ చూసుకుని, ఎక్కడ ఖాళీ ఉందో సుభద్రనే నిర్ణయించమన్నాడు. ప్రభుత్వాసుపత్రిలో కాంపౌండరు లింగమూర్తి అతని కోసం ఒక కుర్చీ విడిగా వేయించాడు. అప్పాయమ్మ ప్రతి రాత్రీ పసుపు నూరి పట్టేది. ఏడుపొస్తే వంటింట్లోకి వెళ్ళి ఏడిచేది. "పర్మినెంటు అయ్యేపాటికి కాళ్ళు మిగుల్తాయేటయ్యా?" అని ఒకనాడు అడిగింది.  నిజానికి అతనికి కాటు కన్నా ఎక్కువ నొప్పి పెట్టేది ఆ ఒక్క ఇల్లే. ఊళ్ళో ప్రతి కుక్కా కరుస్తోంది, కరవాల్సిన కుక్క మాత్రం బంతి తెచ్చిస్తోంది.

మార్చి రెండో వారానికి ఊరు పూర్తయిపోయింది. నీలం బోర్డు లేని గేటు లేదు. ఊరంతా పదమూడో నంబరు. రీడర్లు వీధి చివర టీ కొట్టు దగ్గర కూర్చుని, పదమూడు, పదమూడు, పదమూడు అని మూడు వందల సార్లు నొక్కి పదకొండింటికల్లా ఇంటికి పోతున్నారు. ఆ నెలలో పని మీద వెళ్ళి కుక్కకాటుకి గురైన రీడరు ఒక్కడూ లేడు. సున్నా ప్రమాదాలకి గాను త్రివిక్రమరావు గారిని రాజధానికి పిలిచి శాలువా కప్పారు. కాటు స్వీకర్తకి పడిన కాట్లు ప్రమాదాలు కావు, పరీక్షలు.

శాలువాతో పాటే ఉత్తర్వు కూడా వచ్చింది. ఆయన దాన్ని గదిలో అందరినీ నిలబెట్టి చదివారు. మొదట్లో గొంతు గంభీరంగానే ఉంది.

"ప్రమాదము గల చోటికి ఉద్యోగిని పంపరాదు. పట్టణమంతయు ప్రమాదకరమని నిర్ధారణ అయినది. కావున పట్టణమునకు మీటరు రీడర్ల ఆవశ్యకత లేదు. పన్నెండు మంది పేర్లును జాబితా నుండి తొలగించడమైనది. రీడింగుకు యోగ్యమైన గృహము ఒక్కటియైనను లేని డివిజను..." ఇక్కడ ఆయన ఆగి కళ్ళజోడు తుడుచుకున్నారు. "...మూసివేయబడును. సదరు డివిజనల్ ఇంజినీరు పదవి రద్దగును."

 త్రివిక్రమరావు గారు శాలువా తీసి కుర్చీ మీద వేశారు. సుభద్ర రిజిస్టర్లు తిరగేసింది. తిరగేసి, తిరగేసి, ఒక చోట వేలు పెట్టింది.

"సార్, ఒక ఇల్లుంది. పాత రేషన్ డిపో వీధి. సాధు శునకం."

ఆయన ఉత్తర్వు రెండో పేజీ తిప్పారు. రీడింగుకు యోగ్యమైన గృహము ఒక్కటి ఉన్నను డివిజను కొనసాగును. సదరు గృహమునకు ఒక రీడరు శాశ్వత ప్రాతిపదికన నియమింపబడును. అయితే మార్చి ముప్పై ఒకటి లోపల అచట ఒక సాధారణ రీడింగు తీసి చూపవలెను. శునకము ఒక్కసారి కరిచినట్లు నమోదైనను సాధు హోదా రద్దగును.

అందరూ గవరయ్య వైపు తిరిగారు. త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. పదకొండేళ్ళలో ఆయన అతన్ని ముట్టుకోవడం అదే మొదలు. "గవరయ్యా" అన్నారు. అంతకు మించి ఆయనకి సర్క్యులరులో మాట ఏదీ దొరకలేదు.

ముప్పై ఒకటో తేదీ పదకొండు గంటలకి గవరయ్య, సుభద్ర, త్రివిక్రమరావు గారు ఆండాళమ్మ గారి పెరట్లో చేరారు. ఈసారి యంత్రం తేవచ్చు. సాధువని తేలిన కుక్క ఎదుటికి ప్రభుత్వ ఆస్తి రావడానికి అభ్యంతరం లేదని ఉత్తర్వులోనే ఉంది. కుక్కని కాస్త పట్టుకోమని గవరయ్య ఆవిణ్ణి అడిగాడు.

"ఏమీ అనని కుక్కని పట్టుకోవడమేమిటయ్యా? అంతమంది ముందు అది చిన్నబుచ్చుకోదూ?" అన్నారావిడ.

అప్పుడు గవరయ్య, రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న ఉపాయం బయటపెట్టాడు. యంత్రం కుక్క కంటపడకుండా, దాని చప్పుడు చెవిన పడకుండా ఉంటే చాలు. ఆవిడ దగ్గర సంగీతం నేర్చుకునే ఇల్లాళ్ళు ముగ్గురు వరండాలో ఉన్నారు. వాళ్ళు గట్టిగా పాడాలి. ఆండాళమ్మ గారికి ఈ ఆలోచన నచ్చింది. ముగ్గుర్నీ చప్టా మీద కూర్చోబెట్టి, తాను తొడ మీద తాళం వేస్తూ, సరళీ స్వరాలు మూడో కాలంలో అందించారు. గోడల మీద కాకులు లేచిపోయాయి. బంగారం చెవులు వాల్చి పాట వింటోంది. త్రివిక్రమరావు గారు రెండు చేతులూ జోడించి పెరటి గేటు దగ్గర నిలబడ్డారు.

గవరయ్య యంత్రాన్ని తువ్వాలు కింద దాచుకుని వెళ్ళాడు. మీటరు ముందు నిలబడ్డాడు. అంకెలు కొట్టాడు. ఒకటి నొక్కాడు. యంత్రం కిర్రుమనడం మొదలుపెట్టింది. స్వరాల హోరులో ఆ చప్పుడు గవరయ్యకే వినబడలేదు. పేరు వచ్చింది, ఇంటి నంబరు వచ్చింది, రీడింగు వచ్చింది. ఇంకొక్క గీత మిగిలింది, తేదీ ఉండే గీత. సరిగ్గా అప్పుడే ఆవర్తం పూర్తయి ముగ్గురు ఇల్లాళ్ళూ ఒక్కసారి ఊపిరి తీసుకున్నారు.

కిర్ర్ర్.

కాటు చాలా చక్కగా పడింది. పని దినం, పదీ ఐదుల మధ్య, మోకాటికి దిగువన, ఇద్దరికి బదులు ఆరుగురు సాక్షుల సమక్షంలో. శాఖ చరిత్రలో అంత లక్షణమైన కాటు మరొకటి లేదు. గవరయ్య కేక వేయలేదు. పళ్ళ బిగువున నిలబడి, బిల్లు చింపి, తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకుని, కుంటుకుంటూ పెరటి గేటు దాకా వచ్చాడు. పంట్లాం అంచు నుంచి రక్తం చెప్పులోకి కారుతోంది.

త్రివిక్రమరావు గారు రక్తం వంక చూశారు. ఆండాళమ్మ గారూ చూశారు. ఇల్లాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"గవరయ్యా, ఏమైనను... సంభవించినదా?" అన్నారు త్రివిక్రమరావు గారు. 

గవరయ్యకి పదకొండు ఏప్రిల్లు కళ్ళ ముందు కదిలాయి. "మీటరు కింద తుప్పు రేకు ఉంది సార్. గీసుకుపోయింది."

"రేకు" అన్నారాయన, చూపు కొబ్బరిచెట్టు మీదికి మరల్చి. "నేనును చూచితిని. పెద్ద రేకు."

"ఎక్కడండీ?" అంది సుభద్ర.

"రాసుకోవమ్మా."

"ఎన్నాళ్ళ నుంచో తీయించేద్దామనుకుంటున్నాను ఆ వెధవ రేకుని" అన్నారు ఆండాళమ్మ గారు, బంగారాన్ని గట్టిగా ఒళ్ళోకి లాక్కుని. ఆ పెరట్లో రేకన్నది ఎప్పుడూ లేదు.

ఆసుపత్రిలో లింగమూర్తి గాయం కడుగుతూ చాలాసేపు పరిశీలించాడు. "ఈ రేక్కి నాలుగు కోరపళ్ళు ఉన్నాయేటి మావా?"

"తుప్పట్టింది కదా, అలాగే ఉంటాది. కుక్క ఇంజిక్షనే పొడిచీయి. ముందు జాగర్త."

లింగమూర్తి చీటీ మీద 'రేకు' అని రాసి, సూది తీశాడు.

పర్మినెంటు ఉత్తర్వు ఏప్రిల్ నాలుగున చేతికొచ్చింది. గవరయ్య దాన్ని అప్పాయమ్మకి రెండుసార్లు చదివి వినిపించాడు. రిటైరయ్యే దాకా నెలకి ఒక రీడింగు, ఒకే ఇల్లు, కరవని కుక్క. ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసింది. ఇంకా పద్దెనిమిదేళ్ళ సర్వీసు ఉంది. ఏడాదికి పన్నెండు. మధ్యలో లెక్క ఆపి, వేరే అనుమానం వచ్చి అడిగింది.

"ఆ కుక్క సచ్చిపోతేనో?"

"ఆయమ్మ ఇంకో కుక్కని తెచ్చుకుంటాది. అది మనుసుల ముందరే కరిచిందంటే బోర్డు ఎట్టీత్తారు. మన ఉద్యోగం ఆ కుక్కున్నన్నాళ్ళే."

అప్పాయమ్మ ఆ రాత్రి సరిగ్గా పడుకోలేదు. తెల్లారి అమ్మవారి గుడికి వెళ్ళి, బంగారం పేరు మీద అర్చన చేయించింది. గోత్రం అడిగితే దాసరి వారిదే చెప్పింది. ఆర్నెల్లుగా ఆ కుక్కని ఆవిడ తిట్టని తిట్టు లేదు.

నెలాఖరుకి గవరయ్య రీడింగుకి బయల్దేరాడు. యంత్రం మెడలో వేసుకుని, ఈ నెల వంతు కుడి కాలిది గనక ఆ పంట్లాం గొట్టం పైకి మడుచుకున్నాడు. అప్పాయమ్మ పొద్దున్నే లేచి వండిన వేటమాంసం ముక్కలు టిఫిను డబ్బాలో పెట్టి తెచ్చి, సైకిలు హ్యాండిలుకి తగిలించింది. వీధి మలుపు దాకా వెంట నడిచింది.

"దానికి పెట్టు. ముందు దానికి పెట్టి, తిన్నాక మిషను నొక్కు" అంది. సైకిలు కదిలాక మళ్ళీ వెనక నుంచి కేకేసింది. "నొప్పెట్టిందనీసి కాలు ఇదిలించుకోకయ్యో. దాని పన్ను ఊడిపోగల్దు, జాగర్త!"